నెలవంక గుంతల్లో గడ్డి మొలవడం తేలికే, నిలవడమే కష్టం

క్లుప్తంగా: కెన్యా దక్షిణాన మాసాయి పశుపోషకుల బీళ్లలో తవ్వుతున్న అర్ధచంద్రాకారపు గుంతలు నిజంగానే పనిచేస్తాయి. కానీ అవి చేసే పని ఒక్కటే, పారిపోయే వాననీటిని కాసేపు ఆపి నేలలోకి దించడం. మొలిచిన గడ్డి రెండో ఏడు, మూడో ఏడు కూడా ఉంటుందా అన్నది ఆ నేల ఎవరిది, మంద ఎప్పుడు లోపలికి పోతుంది, ఎప్పుడు బయటికి వస్తుంది అనే కట్టుబాట్ల మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లు, చెట్లు మాత్రమే చూసుకుని కట్టుబాట్లను వదిలేసిన చోట్ల మేలు కంటే కీడే ఎక్కువ జరిగిన ఉదాహరణలు ఉన్నాయి.

డ్రోన్‌తో తీసిన ఆ వీడియోలు ఈమధ్య చాలామంది ఫోన్లలోకి వస్తున్నాయి. ఎర్రగా ఎండిన నేల, దాని మీద వరసలు వరసలుగా నెలవంకల్లాంటి గుంతలు, తర్వాతి షాట్‌లో అవే గుంతలు పచ్చగా. వాటిలో బాగా పేరొచ్చినవి కెన్యాలోని కజియాడో కౌంటీవి, కిలిమంజారోకి ఉత్తరాన అంబోసెలీ జాతీయ పార్కు పరిసరాల్లోని మాసాయిల మేత భూములవి. నెదర్లాండ్స్‌కు చెందిన జస్ట్‌డిగ్గిట్ అనే సంస్థ స్థానిక మాసాయి సంస్థతో కలిసి కుకు గ్రూప్ రాంచ్ (ఒక గుంపుకు ఉమ్మడి పట్టా ఉన్న మేత భూమి) లాంటి చోట్ల ఈ పని చేయిస్తోంది. చూసినవాళ్లలో కొందరు "ఇంత సింపులా, మన అనంతపురంలో ఎందుకు చేయరు" అంటారు. ఇంకొందరు ఎండాకాలం ఫొటో పక్కన వానాకాలం ఫొటో పెట్టి మోసం చేస్తున్నారంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. 2026ను ఐక్యరాజ్యసమితి మేత భూములు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి ఈ వీడియోలు ఇంకా పెరిగేవే కానీ తగ్గేవి కావు, అందుకే అసలు లెక్క ఒకసారి చూడటం మంచిది.

వాన పడుతుంది, నేల తాగదు

అంబోసెలీ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 350 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురం సగటు 550 దరిదాపుల్లో ఉంటుంది, అంటే అనంతపురమే నయం. అక్కడ కిలిమంజారో వాననీడ, ఇక్కడ పడమటి కనుమల వాననీడ. అయితే ఏడాది మొత్తం ఎంత పడిందన్న అంకె పశువుల కాపరికి పెద్దగా పనికిరాదు, ఎలా పడిందన్నదే ముఖ్యం. అక్కడ మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చిన్న వానలు. ఆ కొద్ది నెలల్లో కూడా కొన్ని గట్టి జడివానల్లోనే చాలా నీరు వచ్చేసి వెళ్లిపోతుంది.

గడ్డి ఉన్న నేల మీద చినుకు ముందు ఆకు మీద పడుతుంది, దాని ఊపు అక్కడే చచ్చిపోతుంది. గడ్డి పోయిన నేల మీద చినుకు సూటిగా మట్టిని కొడుతుంది, మట్టిగడ్డ చితికి సన్నని బంకమన్ను లేచి నేలలోని సందుల్లో కూరుకుపోతుంది, ఎండ కాయగానే ఆ పొర పెంకులా గట్టిపడుతుంది. దానికి వేల గిట్టల తొక్కిడి తోడైతే తర్వాత పడే వాన సిమెంటు గచ్చు మీద పడ్డట్టే. నీళ్లతో పాటు గడ్డి గింజలు, పేడ, ఆకుచెత్త కూడా కొట్టుకుపోతాయి. గింజ లేదు కాబట్టి గడ్డి రాదు, గడ్డి లేదు కాబట్టి పెంకు ఇంకా గట్టిపడుతుంది.

ఇక్కడే ఒక అపోహ ఉంది. మందను కొన్నేళ్లు రానివ్వకుండా ఆపితే చాలు, నేల తనంతట తానే కోలుకుంటుందని చాలామంది అనుకుంటారు. గడ్డి పలచబడిన నేలకు ఆ మాట వర్తిస్తుంది. పెంకు కట్టేసిన నేలకు వర్తించదు, ఎవరూ తొక్కకపోయినా అది అలాగే బోడిగా ఏళ్ల తరబడి పడి ఉండగలదు. ఆ పెంకును ఎవరో ఒకరు పగలగొట్టాలి.

గుంత చేసే పని

కజియాడోలో తవ్వేవి దాదాపు 5 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న అర్ధచంద్రాలు. తెరిచిన వైపు మెరకకు, కట్ట ఉన్న వైపు పల్లానికి. తవ్విన మట్టినే కట్టగా పోస్తారు, బయటి నుంచి ఏమీ తేనక్కర్లేదు, గడ్డపార, పార ఉంటే చాలు. వరసలో రెండు గుంతల మధ్య ఖాళీ వదులుతారు, కింది వరస గుంతలు సరిగ్గా ఆ ఖాళీలకు ఎదురుగా వస్తాయి. పై గుంత నిండి అంచుల నుంచి పొర్లిన నీరు కింది గుంతలో పడుతుంది.

ఒక చిన్న లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. గుంత లోపలి జాగా సుమారు 10 చదరపు మీటర్లు, దానికి పైన నీరు జారి వచ్చే బోడి నేల 20 చదరపు మీటర్లు అనుకుందాం. 20 మిల్లీమీటర్ల వాన పడితే గుంతలో నేరుగా పడేది 200 లీటర్లు. పైన పడిన 400 లీటర్లలో సగం జారి వచ్చినా మరో 200. మొత్తం 400 లీటర్లు, అంటే ఆకాశం 20 మిల్లీమీటర్లే ఇచ్చినా గుంతలోని మట్టికి 40 అందాయి. ఎక్కడా కొత్త నీరు పుట్టలేదు, చుట్టూ ఉన్న నేలను కాస్త పస్తు ఉంచి గుంతకు రెండు పూటలా పెట్టారంతే. ఎలాగూ బోడిగా ఉన్న నేల కాబట్టి ఆ పస్తు వల్ల నష్టం లేదు.

నీటితో పాటు గాలికి కొట్టుకొచ్చే గింజలూ పేడా కూడా ఈ కట్ట దగ్గరే ఆగుతాయి. చాలాచోట్ల స్థానిక గడ్డి గింజలు చల్లుతారు కూడా, మన పశుసంవర్ధక శాఖవాళ్లు అంజన్ గడ్డి అని చెప్పేది ఆఫ్రికా పొడి నేలల్లోనూ పెరిగేదే. కజియాడోలో మాసాయి మహిళా సంఘాలు గడ్డి విత్తన క్షేత్రాలు నడుపుతున్నాయి, గింజలు అమ్ముకుంటాయి, ఎండుగడ్డి అమ్ముకుంటాయి. పశువులు మగవాళ్ల చేతుల్లో ఉండే సమాజంలో ఆడవాళ్లకు సొంతంగా ఒక ఆదాయం వచ్చింది. వీడియోల్లో ఇది ఎక్కువగా కనబడదు కానీ గుంతల కంటే ఎక్కువ కాలం నిలిచే మార్పు ఇదే కావచ్చు.

అన్ని నేలలకూ ఇది పనికిరాదు. ఇసుక నేల ఎలాగూ నీటిని తాగేస్తుంది, అక్కడ గుంత దండగ. నెర్రెలిచ్చే నల్లరేగడిలో కట్ట పగిలిపోతుంది. వాలు ఎక్కువైతే మొదటి గట్టి వానకే ఒక కట్ట తెగి కింద ఉన్నవాటిని కూడా లాక్కుపోతుంది.

ఆ ఫొటోల సంగతి

వేసవి ఫొటోకీ వానలు పడ్డాక తీసిన ఫొటోకీ తేడా ఉండటం వింతేమీ కాదు, గుంతలు లేకపోయినా తేడా ఉంటుంది. నమ్మదగ్గ పోలిక ఒకటే, అదే నెలలో, అదే వాలులో, గుంతలు తవ్విన చోటునీ కంచె అవతల తవ్వని చోటునీ పక్కపక్కన చూడటం. ఉపగ్రహ చిత్రాలతో ఇది సులువుగానే చేయవచ్చు. రెండోది, ఎన్నో ఏడు ఫొటో అన్నది. మొదటి ఏడు పచ్చదనంలో చాలావరకు ఏడాది బతికే కలుపు మొక్కలే ఉండొచ్చు, పశువులకు కావాల్సింది ఏటా వేరు నుంచే చిగురించే బహువార్షిక గడ్డి. పైనుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి, ఆవుకు మాత్రం తేడా తెలుసు.

ఒలొపొలొలి

గడ్డిని దాచుకోవడం మాసాయిలకు ఎవరూ వచ్చి నేర్పలేదు. ఇంటి దగ్గర కొంత బీడును దూడలకూ, జబ్బు పడ్డవాటికీ, పాలిచ్చే ఆవులకూ అట్టేపెట్టే పద్ధతి వాళ్లకు తరతరాలుగా ఉంది, దాన్ని ఒలొపొలొలి అంటారు. పెద్ద మంద వానాకాలంలో ఒక వైపు, ఎండాకాలంలో ఇంకో వైపు తిరుగుతుంది. ఎండాకాలపు బీడులోకి వానలప్పుడే మందను తోలితే పెద్దలు ఊరుకోరు. తెలంగాణలో ఊరి పశువుల మేతకు వదిలిన భూమిని కంచ అనేవారు, ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ ఆ మాట ఎక్కువగా రియల్ ఎస్టేట్ వార్తల్లోనే వినబడుతోంది. పరాయి చేలో పడిన పశువును తోలడానికి ఊరూరా బందెలదొడ్డి కూడా ఉండేది. ఊరు వేరు, భాష వేరు, కట్టుబాటు ఒకటే రకం.

గడ్డి శాస్త్రం కూడా దీన్నే సమర్థిస్తుంది. గడ్డిని ఒకసారి మేసినందుకు అది చావదు. మేసిన తర్వాత చిగురు వేసి, ఆ చిగురుతో వేళ్లకు మళ్లీ పిండి పదార్థం చేర్చుకునే లోపే ఇంకోసారి, ఇంకోసారి మేస్తే చస్తుంది. అందుకే ఎన్ని పశువులు అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎన్ని రోజులు ఉండి ఎన్ని రోజులు దూరంగా ఉన్నాయన్న ప్రశ్న అంతకంటే ముఖ్యం.

మరి ఇంత పద్ధతి ఉన్నవాళ్ల నేల ఎందుకు బోడిపోయింది? పెద్ద కారణాల్లో ఒకటి కాగితాలు. 1968లో కెన్యా గ్రూప్ రాంచ్‌ల చట్టం తెచ్చింది, ఒక్కో గుంపుకు ఉమ్మడి పట్టా ఇచ్చి గీత గీసింది. అంతకుముందు వాన ఎక్కడ పడితే అక్కడికి పోయే మందలు గీతల లోపల ఉండాల్సి వచ్చింది. 1980ల నుంచి కజియాడోలో చాలా గ్రూప్ రాంచ్‌లను మళ్లీ ముక్కలు చేసి కుటుంబాలకు విడివిడిగా పంచారు. కొందరు అమ్ముకున్నారు, కొన్నవాళ్లు కంచెలు వేశారు, నైరోబీకి దగ్గరగా ఉన్నచోట ఇళ్లు, తోటలు లేచాయి. ఈ ఏడాది వాన మీ ముక్కలో కాకుండా పదిహేను కిలోమీటర్ల అవతల పడితే మీ ఆవులు చేయగలిగేది ఏమీ లేదు, ఉన్న ముక్కనే వేళ్లదాకా కొరుకుతాయి. 2016లో వచ్చిన సామూహిక భూముల చట్టం ఉమ్మడి హక్కును మళ్లీ గట్టిపరచాలని చూసింది కానీ అప్పటికే పంచేసిన భూమిని వెనక్కి కలపడం ఏ చట్టానికైనా కష్టమే.

ఇప్పుడు గుంతలు తవ్విన చోట జరుగుతున్నది కూడా మేత ఎప్పుడు, ఎవరికి అన్న ఒప్పందమే. గుంతలున్న భాగాన్ని గడ్డి గింజ రాల్చేదాకా మూసి ఉంచుతారు, ఆ తర్వాత వంతుల ప్రకారం తెరుస్తారు. కెన్యాలోనే బరింగో సరస్సు పరిసరాల్లో 1982 నుంచి పనిచేస్తున్న ఒక ట్రస్టు ఇదే పనిని సౌర విద్యుత్ కంచెలతో చేసింది. అక్కడ బోడి నేలలు గడ్డి పొలాలయ్యాయి, మేపుకోవడం, గింజలు అమ్మడం, ఇంటి పైకప్పుకు గడ్డి కోసుకోవడం అన్నీ జరిగాయి. అయితే కంచె వేయగానే లోపలివాళ్లు, బయటివాళ్లు అనే తేడా వస్తుంది. పక్క ఊరి మందకు ఇదివరకు ఉన్న దారి మూసుకుపోతే, ఒకరి పునరుద్ధరణ ఇంకొకరికి కబ్జాలా కనబడుతుంది.

బోరు పక్కనే ఆకలి చావులు

నీళ్లు ఒక్కటే సమస్య అనుకుంటే ఏమవుతుందో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహెల్ ప్రాంతం ఇదివరకే చూపించింది. 1950ల నుంచి సెనెగల్, నైజర్ లాంటి చోట్ల లోతైన బోర్లు వేశారు, ఏడాది పొడవునా నీళ్లు. అంతకుముందు నీరు ఎండిపోగానే మంద కదిలేది, గడ్డికి విశ్రాంతి దొరికేది. నీరు ఆగకపోవడంతో మంద కూడా అక్కడే ఆగింది. బోరు చుట్టూ కిలోమీటర్ల మేర గడ్డి తుడిచిపెట్టుకుపోయింది, 1968 నుంచి 1973 వరకు సాగిన కరువులో ఎన్నో పశువులు దాహంతో కాదు, పుష్కలంగా నీళ్లున్న బోర్ల పక్కన మేత లేక చచ్చిపోయాయి. బోరు వేసినవాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ కరువుకాలపు మేతకు తాళంగా ఉన్నది నీటి కొరతేనని వాళ్లు గమనించలేదు.

దక్షిణ ఇథియోపియాలోని బొరానాలది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. వాళ్ల తులా బావులు ఎంత లోతంటే మనుషులు ఒకరికి పైన ఒకరు అంచెలంచెలుగా నిలబడి, పాట పాడుతూ, బకెట్లు చేతులు మార్చుకుంటూ నీళ్లు పైకి తెస్తారు. ప్రతి బావికీ అబ్బా హెరెగా అనే పెద్ద ఉంటాడు, ఏ మంద ఏ రోజు తాగాలో వంతు వేసేది ఆయనే. నీరు తోడటం ఇంత కష్టం కాబట్టి, వంతు ఇంత కచ్చితం కాబట్టి, చుట్టుపక్కల మేత కూడా దానంతటదే అదుపులో ఉండేది. అక్కడ మోటారు పెట్టి నీళ్లు తోడితే శ్రమ తగ్గుతుంది నిజమే, దాంతో పాటు ఆ అదుపు కూడా పోయే ప్రమాదం ఉంది.

సర్కారు తుమ్మ అక్కడా ఉంది

నేలను బాగుచేస్తామని చేసిన పనుల్లో తెలుగువాళ్లకు బాగా తెలిసినది ఒకటుంది. చెరువు గట్ల మీద, రోడ్ల పక్కన, బీళ్లలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ. ఇది దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన చెట్టు. గుజరాత్‌లోని కచ్‌లో బన్నీ గడ్డిమైదానాల్లో ఉప్పునేల పాకకుండా 1960ల మొదట్లో అటవీ శాఖ దీన్ని నాటింది, ఇప్పుడు అక్కడి మాల్ధారీ పశుపోషకులు దీన్ని గాండో బావళ్ అంటారు, అంటే పిచ్చి తుమ్మ. కెన్యాలోని బరింగోలో 1980ల మొదట్లో వంటచెరకు కోసం, ఎడారి పాకకుండా ఆపడం కోసం దీన్నే నాటారు, అక్కడ దాని పేరు మథెంగే.

కాయలు తియ్యగా ఉంటాయి, మేకలు ఇష్టంగా తింటాయి, పేడలో గింజలు ఊరంతా తిరుగుతాయి. నీటి జాడ ఉన్న ప్రతిచోటా పొదలు లేచి కింద గడ్డిని బతకనివ్వవు. ఆ కాయల చక్కెరకు మేకల పళ్లు పుచ్చి రాలిపోతున్నాయని బరింగోలోని ఇల్‌చామస్ ప్రజలు 2006లో ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు, పళ్లు రాలిన ఒక మేకను సాక్ష్యంగా కోర్టు దగ్గరికి కూడా తీసుకెళ్లారు. నవ్వొచ్చే వార్తలాగే ఉంటుంది కానీ పొడి నేలల పునరుద్ధరణ చరిత్రలో అంత సూటిగా వచ్చిన ఫిర్యాదు ఇంకోటి దొరకదు. గడ్డిమైదానాన్ని "చెట్లు లేని ఖాళీ భూమి"గా చూడటమే అసలు తప్పు. ఇప్పుడు బొగ్గు కాల్చి అమ్ముకునేవాళ్లకు అదే చెట్టు జీవనాధారం అయింది కాబట్టి పీకేద్దామన్నా అందరూ ఒప్పుకోరు. కాబట్టి ఏదైనా ప్రాజెక్టు ఇన్ని లక్షల మొక్కలు నాటాం అని చెప్పుకుంటే, ఏ మొక్క అని అడగడం తప్పు కాదు.

చెలమ లెక్క తెలిసినవాళ్లకు కొత్త కాదు

కజియాడోకు తూర్పున కాంబా ప్రజలు ఉండే మచాకోస్, కిటుయి ప్రాంతాల్లో ఇంకో పద్ధతి ఉంది, ఇసుక ఆనకట్టలు. వానాకాలంలో మాత్రమే పారే వాగుకు అడ్డంగా, కింద బండ తగిలేచోట గోడ కడతారు. వరదలో వచ్చిన ఇసుక గోడ వెనక నిండిపోతుంది, నీరు ఆ ఇసుక రేణువుల మధ్య దాక్కుంటుంది. ఇసుక మొత్తం పరిమాణంలో పావు వంతు నుంచి 40 శాతం దాకా నీరు పట్టవచ్చు. పైన ఒకటి రెండడుగులు ఎండిపోయాక కింద నీరు ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది, దోమలుండవు, పశువులు దిగి బురద చేయవు. రాయలసీమ వాగుల్లో చెలమ తీసి కడవ నింపుకున్నవాళ్లకు ఇందులో చెప్పాల్సిందేమీ లేదు, ఆ చెలమకు దిగువన గోడ కట్టారంతే.

వాగు ఇసుక బదులు ఒండ్రు తెచ్చేదైతే మాత్రం పథకం ఫెయిల్, వెనక బురద నిండి నీరు బయటికి రాదు. ఇంకో బెడద నైరోబీ భవనాలకు ఇసుక తోడుకుపోయే లారీలు. ఇసుక పోతే దాన్లో దాక్కునే నీరు కూడా పోతుంది, దీనివల్లే మకుఎని కౌంటీ 2015లో ఇసుక సంరక్షణకు సొంత చట్టం చేసుకుంది. మన దగ్గర ఈ గొడవ ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

కార్బన్ డబ్బు వచ్చాక

ఈ పనులకు డబ్బు ఎవరిస్తారు అన్నది రాబోయే పెద్ద తగువు. గడ్డి పెరిగితే నేలలో కార్బన్ పెరుగుతుంది, దాన్ని లెక్కగట్టి, తమ కాలుష్యానికి బదులుగా చూపించుకోవాలనుకునే పెద్ద కంపెనీలకు క్రెడిట్లుగా అమ్మవచ్చు. ఉత్తర కెన్యాలో నార్తర్న్ రేంజ్‌ల్యాండ్స్ ట్రస్ట్ ఆధ్వర్యంలో ఇలాంటి భారీ ప్రాజెక్టు చేపట్టారు, మందలను వంతులవారీగా మేపితే నేల కార్బన్ పెరుగుతుందన్నది దాని ఆధారం, క్రెడిట్లు కొన్నవాళ్లలో మెటా, నెట్‌ఫ్లిక్స్ కూడా ఉన్నాయి. 2025 జనవరిలో ఇసియోలోలోని భూమి, పర్యావరణ కోర్టు అక్కడి రెండు కన్సర్వెన్సీలు (వన్యప్రాణుల, మేత సంరక్షణకు కేటాయించిన సామూహిక భూములు) రాజ్యాంగబద్ధంగా ఏర్పడలేదని తీర్పిచ్చింది. సరైన ప్రజాభిప్రాయం తీసుకోలేదన్నది ముఖ్యమైన అభ్యంతరం. అసలు కరువు ఏడాదిలో మందను మామూలు వంతుకు కట్టేసి ఉంచడం సాధ్యమా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఉన్న వేరే వివాదం. మందను కాపాడుకోవడానికి కాపరి వందల కిలోమీటర్లు నడుస్తాడు, అది నియమోల్లంఘన కాదు, బతికే పద్ధతి.

ఐదు సీజన్లు వాన రాకపోతే

2020 చివరి నుంచి 2022 చివరి దాకా ఆఫ్రికా కొమ్ము అని పిలిచే తూర్పు ప్రాంతంలో (సోమాలియా, ఇథియోపియా, కెన్యా వైపు) వరసగా ఐదు వానాకాలాలు దెబ్బతిన్నాయి. ఒక్క కెన్యాలోనే సుమారు 25 లక్షల పశువులు చచ్చిపోయాయి. మనుషుల వల్ల జరిగిన వాతావరణ మార్పు లేకపోతే ఇంతటి కరువు వచ్చే అవకాశం కనీసం వంద రెట్లు తక్కువగా ఉండేదని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం 2023లో తేల్చింది. ఆ వెంటనే 2023 చివర్లో, 2024 ఏప్రిల్, మే నెలల్లో వరదలు. పడని వానను ఏ గుంతా పట్టలేదు, గడ్డి గింజలు మాత్రం నేలలో ఎదురుచూస్తూ ఉంటాయి. కరువు తర్వాత మొదటి వానకు గింజలున్న నేలకూ లేని నేలకూ తేడా అక్కడ తెలుస్తుంది. మధ్యలో కుటుంబం బతకడానికి ఇంకేదో కావాలి. 2010లో ఉత్తర కెన్యాలోని మర్సాబిట్‌లో మొదలైన పశువుల బీమా అలాంటి ప్రయత్నమే. ఎన్ని పశువులు చచ్చాయో ఎవరూ వచ్చి లెక్కపెట్టరు, ఉపగ్రహంలో పచ్చదనం ఒక స్థాయి కంటే తగ్గితే డబ్బు వస్తుంది.

అనంతపురంలో చేయలేమా

నిజానికి చేస్తూనే ఉన్నారు, ఆకారం వేరు. గుట్టల వాలుల్లో కాంటూరు కందకాలు, చేలల్లో పంట కుంటలు, 2000లో మొదలైన నీరు-మీరు నాటి ఇంకుడు గుంతలు, అన్నీ ఇదే సూత్రం. తేడా ఏమిటంటే ఇక్కడి వాటర్‌షెడ్ పనులు మొదటి నుంచీ రైతు చేను, భూగర్భ జలం, బోరు చుట్టూ తిరిగాయి. గొర్రెల కాపరి ఆ లెక్కలో ఎక్కువసార్లు "రానివ్వకూడని మనిషి"గానే కనబడ్డాడు. కురుబ, గొల్ల కాపరులు మందను తోలుకుని జిల్లాలు దాటడం, కోతలయ్యాక రైతులు చేలో మంద కట్టించుకుని ఎరువు చేసుకోవడం ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ దారిలోని పోరంబోకు, గుట్ట, చెరువు శిఖం ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఉపాధి హామీ కింద గుట్ట మీద కందకం తవ్వినప్పుడు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీశారో కొలిచి రాసుకుంటారు, దాన్ని బట్టే కూలి. మూడో ఏడు ఆ కందకం గట్టున లేచిన గడ్డిలోకి ఎవరి మంద, ఏ నెలలో, ఎన్ని రోజులు వెళ్లవచ్చో రాసే చోటు ఆ కొలతల పుస్తకంలో లేదు.